పావు మిల్లీమీటరు ట్రాక్ చెప్పిన పాఠం: కీక్యాడ్‌లో చేత్తో రౌటింగ్

ప్రత్తిపాడు వైపు ఒక మిరప రైతు పొలంలో నేను పెట్టిన మొబైల్ స్టార్టర్ వారం తిరక్కుండానే మొరాయించింది. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవ్వాలి. రింగ్ వెళ్లేది, అంతలోనే బోర్డు రీసెట్ అయిపోయేది. సిమ్ మార్చాను, యాంటెన్నా మార్చాను, పవర్ సప్లై కూడా మార్చాను. చివరికి బోర్డు ఊడదీసి గుంటూరు బ్రాడీపేటలోని నా గదికి తెచ్చుకుని, ఫోన్ కాల్ అందుకునే మాడ్యూల్ కాళ్ల దగ్గర ఆసిలోస్కోప్ (వోల్టేజి ఎలా మారుతోందో తెర మీద చూపించే పరికరం) పెట్టాను. రింగ్ వచ్చిన ప్రతిసారీ అక్కడ వోల్టేజి పడిపోతోంది. సప్లై దగ్గర మాత్రం 4 వోల్టులు నిలకడగా ఉంది. ఈ రెండింటి మధ్య కరెంటు వెళ్లే దారి ఒక్క ట్రాక్, అంటే బోర్డు మీది రాగి గీత. 8 సెంటీమీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు వెడల్పు. దాన్ని ఆటోరౌటర్ (ట్రాకులు తనంతట తానే గీసే సాఫ్ట్‌వేర్) గీసింది, నేను సరిగ్గా చూడకుండా తయారీకి పంపాను.

లెక్క చూడండి. బోర్డు మీద సాధారణంగా ఉండే 1 ఔన్స్ కాపర్ మందం 35 మైక్రాన్లు. ఆ మందంలో చదరపు ముక్క ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా దాని రెసిస్టెన్స్ సుమారు అర మిల్లీఓమ్. 80 మి.మీ. పొడవును 0.25తో భాగిస్తే 320 చదరాలు, అంటే 0.16 ఓమ్. సిమ్800ఎల్ మాడ్యూల్ టవర్‌తో మాట్లాడేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే దారిలోనే 0.32 వోల్టు పోయింది. తిరిగొచ్చే గ్రౌండ్ ట్రాక్ కూడా అంతే సన్నగా, అంతే పొడవుగా ఉంది కాబట్టి ఇంకో 0.32. నాలుగులోంచి 0.64 తీసేస్తే 3.36 మిగులుతుంది. ఆ మాడ్యూల్‌కి కనీసం 3.4 కావాలి. ఏ గీత 2 ఆంపియర్లు మోస్తుందో, ఏది ఊరికే ఒక ఎల్‌ఈడీని వెలిగిస్తుందో ఆటోరౌటర్‌కి మనం చెప్పలేదు, అందుకని దానికి రెండూ ఒకటే. అప్పట్నుంచి ప్రతి బోర్డుకూ ఈ ట్రాకులు గీసే పని, అంటే రౌటింగ్, చేత్తోనే చేస్తున్నాను.

పాలిటెక్నిక్ అయిపోయిన మా మేనల్లుడు ఇప్పుడు నా దగ్గర ఇదే పని నేర్చుకుంటున్నాడు. వాడికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మేం వాడేది కీక్యాడ్. 1992లో ఫ్రాన్స్‌లో జాన్-పియర్ షరా మొదలుపెట్టిన, బోర్డులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. తర్వాత సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం ఇంజినీర్లు చేయి వేశాక, మనం ఒక ట్రాక్ గీస్తుంటే అడ్డొచ్చిన ట్రాకులు పక్కకు జరిగి చోటిచ్చే రౌటర్ దీనికి వచ్చింది.

స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) నుంచి పార్టులన్నీ బోర్డు మీదకు రాగానే మావాడు “మామయ్యా, ఎక్స్ నొక్కనా?” అన్నాడు. ఎక్స్ నొక్కితే ట్రాక్ మొదలవుతుంది. “ఇప్పుడే కాదురా” అన్నాను. ముందు పార్టులు ఎక్కడ కూర్చోవాలో తేలాలి. ప్యాడ్ల (పార్టు కాళ్లు అతికే రాగి చోట్ల) మధ్య కనిపించే సన్నటి గీతల్ని రాట్స్‌నెస్ట్ అంటారు. ఏ కాలు ఏ కాలితో కలవాలో అవి చూపిస్తాయి. పార్టును ఆర్‌తో తిప్పి, ఎమ్‌తో జరిపి, ఆ గీతలు ఒకదాన్నొకటి వీలైనంత తక్కువగా దాటేలా కూర్చోబెట్టాలి. గ్రౌండ్ గీతలు తెరనంతా కమ్మేస్తాయి కాబట్టి, అప్పియరెన్స్ ప్యానెల్‌లో నెట్స్ ట్యాబ్‌కి వెళ్లి గ్రౌండ్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి వాటిని దాచేయండి. గ్రౌండ్ సంగతి చివర్లో చూసుకుంటాం. మా స్టార్టర్ బోర్డుకు నేను ఒక రోజంతా పార్టులు సర్దుతాను, ట్రాకులు గీయడానికి పూట చాలు.

తర్వాత వెడల్పులు. బోర్డ్ సెటప్‌లో నెట్ క్లాసెస్ అని ఉంటుంది. అక్కడ మూడు క్లాసులు పెడతాను. మామూలు సిగ్నళ్లకు 0.25, 5 వోల్టుల లైన్లకు 1, మాడ్యూల్ సప్లైకి 2.5 మి.మీ. పైపొరలో 1 మి.మీ. ట్రాక్ సుమారు 2.4 ఆంపియర్లు మోస్తే 10 డిగ్రీలు వేడెక్కుతుందని బోర్డుల డిజైన్ ప్రమాణం ఐపీసీ-2221లోని సూత్రం లెక్క. అయితే మాడ్యూల్ లైన్‌కు వేడి కన్నా వోల్టేజి నష్టమే ముఖ్యం, 2.5 పెట్టింది అందుకే. నాలుగో క్లాసు త్రీఫేజ్ వైపుకు. 415 వోల్టులతో చెలగాటం వద్దు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 4 మి.మీ., ఫేజులకూ 5 వోల్టుల వైపుకూ మధ్య 8 మి.మీ. వదులుతాను. ఈ రెండు వైపుల మధ్య సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే ఆప్టోకప్లర్ పొట్ట కింద బోర్డును చీల్చి సందు పెడతాను, పొలంలో దుమ్మూ తేమా చేరినా కరెంటు పాకకుండా. రైతు తడిచేత్తో ముట్టుకునే పెట్టె ఇది.

ఇప్పుడు ఎక్స్ నొక్కవచ్చు. వరస మాత్రం తప్పొద్దు: లావుపాటి సప్లై లైన్లు ముందు, సున్నితమైనవి తర్వాత, మిగతావన్నీ ఆఖర్న. సన్నవి ముందు గీసేస్తే లావువాటికి దారి మిగలదు. మాడ్యూల్ సప్లైని నేరుగా మాడ్యూల్ కాలికి తీసుకెళ్లకండి. ముందు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ప్యాడ్‌ను తాకించి, అక్కణ్నుంచి కాలికి తీసుకెళ్లండి. బోర్డును నడిపించే చిప్ ఏటీమెగా328పీ దగ్గరుండే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కీ ఇదే పద్ధతి. కెపాసిటర్ పక్కకు వెళ్లిపోయి, కొమ్మలాంటి పొడుగాటి ట్రాక్ చివర వేలాడుతుంటే అది ఉన్నా లేనట్టే. చిప్‌కి గడియారంలా పనిచేసే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, దాని రెండు ట్రాకులూ పొట్టిగా ముగించి, కింద నుంచి వేరే ట్రాక్ పోనివ్వకండి.

మిగతా సిగ్నళ్లకు రెండు లేయర్లూ కావాలి. మా బ్రాడీపేట తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ లైన్లు ఒక దిక్కున, అడ్డరోడ్లు ఇంకో దిక్కున పోతాయి. అడ్రసు చెప్పాలంటే ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండంకెలు చాలు. బోర్డు మీద పై లేయర్‌ను లైన్లనుకోండి, ట్రాకులన్నీ అడ్డంగా గీయండి. కింది లేయర్ అడ్డరోడ్లు, అక్కడ నిలువుగా గీయండి. గీస్తూ మలుపు తిరగాల్సిన చోట వీ నొక్కితే వయా (రెండు లేయర్లనూ కలిపే రంధ్రం) పడుతుంది, ట్రాక్ రెండో లేయర్‌లోకి దిగుతుంది. ఈ పద్ధతి పాటిస్తే ఒక ట్రాక్ ఇంకోదాన్ని మూసేయడం చాలావరకు తప్పుతుంది. కానీ మా బోర్డులో కింది లేయర్ గ్రౌండ్‌కి కావాలి. అందుకని అక్కడ నిలువు ముక్కలు వీలైనంత పొట్టిగా, నాలుగైదు మిల్లీమీటర్లకు మించకుండా చూస్తాను.

గీసేటప్పుడు ఇంటరాక్టివ్ రౌటర్ సెట్టింగ్స్‌లో షవ్ మోడ్ పెట్టుకుంటే అడ్డమున్న ట్రాకులు జరుగుతాయి. ఉన్నవి కదలకూడదనుకుంటే వాక్ అరౌండ్ పెట్టండి, కొత్తది చుట్టు తిరిగి పోతుంది. మలుపు ముందు రావాలా వెనక రావాలా అన్నది స్లాష్ కీతో మార్చుకోవచ్చు. గీసేశాక నచ్చకపోతే తీసేయనక్కర్లేదు, ట్రాక్ మీద కర్సర్ ఉంచి డీ నొక్కి లాగితే చాలు. ట్రాకులు 45 డిగ్రీల్లోనే తిరగాలా అని మావాడు అడిగాడు. ఇలాంటి బోర్డు వేగాలకు 90 డిగ్రీల మూల వల్ల సిగ్నల్‌కి నష్టమేమీ లేదు. 45లో తిరిగితే దారి తగ్గుతుంది, పక్క ట్రాకులకు చోటు మిగులుతుంది. నాకు ఆ కారణం చాలు.

గ్రౌండ్‌కి ట్రాకులు గీయకుండా కింది లేయర్ మొత్తం కాపర్ జోన్‌గా, అంటే ఒకే రాగి పరుపులా, నింపుతాం. త్రీఫేజ్ వైపు మాత్రం జోన్ పోకూడదు. బీ నొక్కితే నిండుతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, నేను అసలు చూడటం మొదలుపెట్టేది ఇక్కడే. బయటికి వెళ్లిన ప్రతి కరెంటూ గ్రౌండ్ మీదుగా తిరిగి రావాలి. విజయవాడలో ఏలూరు కాలువ అవతలున్న ఇల్లు కళ్లెదుటే కనిపిస్తున్నా, వంతెన దాకా నడిచి వెళ్లాల్సిందే కదా. కింది లేయర్‌లో అడ్డంగా ఒక పొడుగాటి ట్రాక్ గీస్తే అది గ్రౌండ్‌లో తవ్విన కాలువే, కరెంటు దాని చుట్టూ తిరిగి రావాలి. మాడ్యూల్ గ్రౌండ్ కాలి నుంచి సప్లై గ్రౌండ్ దాకా తెర మీద వేలితో దారి గీసి చూడండి. మధ్యలో కాలువ తగిలితే ఆ ట్రాక్‌ను పైకి మార్చండి, కుదరకపోతే ముక్కలు చేసి మధ్యలో కాపర్‌కి దారి వదలండి. మార్చాక మళ్లీ బీ నొక్కాలి, లేకపోతే తెర మీద పాత జోనే ఉంటుంది.

డీఆర్‌సీ (మనం పెట్టిన నియమాలతో బోర్డును సరిచూసే తనిఖీ) నడిపి, తప్పులూ కలపని కాళ్లూ సున్నాకి తెచ్చాక కూడా ఫైలు పంపొద్దు. బోర్డును అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి పార్టులు దాని మీద పెట్టి చూడండి. డీఆర్‌సీకి తెలిసింది మనమిచ్చిన ఫుట్‌ప్రింటే (పార్టు కాళ్ల కొలతల బొమ్మ), డబ్బాలో ఉన్న పార్టు కాదు. మొన్న మావాడు ఆరు కాళ్ల టెర్మినల్ బ్లాక్‌ని కాగితం మీద పెడితే మొదటి కాలు సరిగ్గా కూర్చుంది, ఆరోది రంధ్రం అంచుకు ఎక్కింది. ఫుట్‌ప్రింట్‌లో కాలికీ కాలికీ మధ్య 5 మి.మీ., మా దగ్గరున్న టెర్మినల్‌ది 5.08. అయిదు సందులు దాటేసరికి తేడా 0.4 అయింది. వాడు ఫుట్‌ప్రింట్ మార్చి, ఆరు ట్రాకులూ డీతో సర్ది, బీ నొక్కి, డీఆర్‌సీ మళ్లీ నడిపాడు. రెండో ప్రింట్ మీద ఆరు కాళ్లూ కూర్చున్నాకే తయారీకి పంపే గెర్బర్ ఫైళ్లు తీశాం.