కొత్తగా కథలు రాస్తున్నారా? ఏ సలహా వినాలో, ఏది వదలాలో తేల్చుకోవడం ఎలా?

కడపలోనో అనంతపురంలోనో ఉండి కథలు రాయడం మొదలుపెడితే సలహాలకు కొదవుండదు. యాస తీసెయ్యమని ఒకరు, ఇంకా దట్టించమని మరొకరు, సీమ కథంటే ఫ్యాక్షన్ ఉండాల్సిందేనని ఇంకొకరు. అన్నీ వింటే మీ కథ మీది కాకుండా పోతుంది. ఏదీ వినకపోతే రాత మెరుగుపడదు. అందుకే ఈ పద్ధతి.

1. చదివి చెప్పారా లేదా చూడండి

చదివినవాళ్ల మాటల్లో మీ కథలోని మనిషో, మాటో, పేజీనో కనబడుతుంది. "రెండో పేజీలో జేజి ఎందుకు లేచి వెళ్లిపోయిందో అర్థం కాలేదు" అన్నవాళ్లను అస్సలు వదులుకోకండి. "ఇంకొంచెం డెప్త్ ఉండాలబ్బా" అంటే, "ఎక్కడ తగ్గిందన్నా?" అని అడగండి. చోటు చూపిస్తే పట్టించుకోండి. చూపించలేకపోతే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. పొగడ్తకూ ఇదే లెక్క. "సూపర్" అంటే ఆ పూటకు సంతోషమే గానీ, మరుసటి కథకు దాంతో పనిలేదు.

2. వాళ్ల ఇబ్బందిని నమ్మండి, వాళ్లు చెప్పిన మార్పును మాత్రం పరీక్షించండి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. ఎక్కువమంది తికమకపడేదీ ఇక్కడే.

మీ కథను గుంటూరు వైపు స్నేహితుడు చదివి, "యాస అర్థం కాలేదు, మామూలు తెలుగులో రాయి" అన్నాడనుకుందాం. అతను ఎక్కడో ఆగిపోయిన మాట నిజం. కానీ యాసంతా తీసెయ్యాలన్నది అతని ఊహ. పెన్సిల్ ఇచ్చి, ఆగిన చోటల్లా గీత పెట్టమనండి. "యాడికి పోతాండావు నాయనా?" అన్న మాట కింద గీత ఉండకపోవచ్చు. ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది. "గెనిమ మీద కూర్చున్నాడు" దగ్గర గీత ఉంటే, అతనికి గెనిమ తెలియదన్నమాట. దాన్ని కొట్టేసి "గట్టు" అని రాయనక్కర్లేదు. "గెనిమ మీద నడుస్తూ కాలు జారి మడిలో పడ్డాడు" అని రాసి చూడండి. గెనిమ అంటే ఏమిటో వాక్యమే చెప్పేస్తుంది. మాట నిలిచింది, చదివేవాడి ఇబ్బందీ తీరింది.

మార్పు ఏదైనా ముందు ఒక్క పేరాలోనే చేయండి. పాత ప్రతిని దాచుకోండి. కొన్ని రోజులు ఆగి రెండింటినీ పైకి చదవండి. ఏది నడుస్తోందో చెవికే తెలిసిపోతుంది.

3. ఏ కథకైనా అతికే సలహాను అనుమానించండి

"ఫ్యాక్షన్ పెట్టు" అనేది ఈ రకం. మీ కథలో అది నిజంగా ఉంటే రాయండి. ఎవరో సినిమాల్లో చూసిన సీమ కోసం మాత్రం రాయకండి. అనంతపురం జిల్లాకు చెందిన సింగమనేని నారాయణ కరువు మీద, సేద్యం మీద కథలు రాశారు. కడప జిల్లాలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. వీళ్లిద్దరి కథలూ చదివితే, సీమ గురించి ఎన్ని రకాలుగా రాయొచ్చో మీకే తెలుస్తుంది. "రోజూ పొద్దున్నే రాయి" లాంటివి కుదిరితే పాటించండి, లేకపోతే టెన్షన్ పడొద్దు.

4. కటువుగా ఉందని కొట్టిపారేయకండి

కడప నుంచి 'సంవేదన' పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, అందరూ రారా అనేవారు, మొహమాటం లేని విమర్శకుడు. అలాంటి మాట మొదట గుచ్చుకుంటుంది. రెండు రోజులాగి, అది రచన గురించా, మీ గురించా అని చూడండి. రచన గురించైతే నోట్‌బుక్‌లో రాసుకోండి. "నీ వల్ల కాదు, వదిలెయ్" అంటే మాత్రం అక్కడికక్కడే మరిచిపోండి. కొత్తగా రాసే పిల్లలతో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం.

5. ఇద్దరికి ఒకే ప్రతి ఇవ్వండి

ఒకరు మీ ఊరి మాట తెలిసినవాళ్లు, మరొకరు తెలియనివాళ్లు అయ్యుండాలి. ఒకరి గీతలు ఇంకొకరికి చూపించకండి. ఇద్దరూ ఒకే చోట గీత పెడితే మొదట దాన్నే సరిచేయండి. ఒక్కరే పెట్టిన చోట తొందరపడకుండా, ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకోండి. మార్చాలో వద్దో ఆ తర్వాత మీరే తేల్చుకోండి.