యూరప్ ప్రయాణానికి ఫోను సిద్ధం చేసుకుందాం - 3వ పాఠం: వీసా పటం వేరు, సిమ్ పటం వేరు

గత పాఠంలో మీ ఫోను ఏ కంపెనీకీ లాక్ అయి లేదని చూసుకున్నారు. *#06# నొక్కి, ఈఐడీ సంఖ్య కనిపిస్తే ఇ-సిమ్ (చిప్ పెట్టకుండా ఫోనులోకే ఎక్కించుకునే సిమ్) వేసుకోవచ్చని తెలుసుకున్నారు. ఇక ఏ సిమ్ కొనాలో తేల్చుకుందాం.

ముందుగా మీరు తిరగబోయే ఊళ్లను, వాటి దేశాల పేర్లతో సహా వరుసగా కాగితం మీద రాయండి. మనవాళ్లు తరచుగా ఎంచుకునే దారినే ఉదాహరణగా తీసుకుంటాను: లండన్, పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్, వెనిస్, రోమ్.

షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ వీసా ఉంటే చాలు, పారిస్‌లో కొన్న సిమ్ స్విట్జర్లాండ్‌లోనూ అదే ధరకు పనిచేస్తుందని చాలామంది నమ్ముతారు. వీసాకూ సిమ్‌కూ సంబంధమే లేదు. అదనపు రుసుము లేని రోమింగ్ నిబంధన యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15న అమలులోకి వచ్చింది. తర్వాత దాన్ని 2032 వరకు పొడిగించారు. 27 సభ్యదేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ కూడా దాని కిందికి వస్తాయి. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉన్నా ఈ ఏర్పాటులో లేదు. ఐర్లాండ్‌ది ఇందుకు పూర్తిగా తలకిందులు: షెంగెన్‌లో లేదు, ఈ ఏర్పాటులో ఉంది. బ్రిటన్ షెంగెన్‌లో ఎన్నడూ లేదు, యూనియన్‌ను వీడాక ఈ నిబంధనకూ దూరమైంది. అంటే మన దారిలో లండన్, ఇంటర్‌లాకెన్ రెండూ బయటే ఉన్నాయి.

కొన్ని కంపెనీలు తమంతట తామే ఈ రెండు దేశాలనూ ప్యాక్‌లో కలుపుతాయి. అందుకే 'యూరప్ ప్యాక్' అన్న పేరు చూసి డబ్బు కట్టకండి. దేశాల జాబితా తెరిచి, మీ కాగితంలోని ప్రతి దేశం పేరూ అందులో ఉందో లేదో చూడండి. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

తర్వాత చూడాల్సింది డేటా. ప్యాక్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే జీబీలు చాలాసార్లు సిమ్ కొన్న దేశానికి మాత్రమే. మిగతా దేశాల్లో వాడకానికి పరిమితి పెట్టే వీలు చట్టమే కంపెనీలకు ఇచ్చింది. ఆ రెండో అంకె ఎంతో దుకాణంలో అడిగి తెలుసుకోండి.

కాల్స్ విషయంలో ఒక వింత ఉంది. ఫ్రెంచ్ సిమ్‌తో వెనిస్ నుంచి పారిస్ హోటల్‌కు ఫోను చేస్తే అది రోమింగ్, ఫ్రాన్స్‌లో పడే ధరే పడుతుంది. అదే సిమ్‌తో పారిస్ నుంచి వెనిస్ హోటల్‌కు చేస్తే అది విదేశీ కాల్. 2019 మే 15 నుంచి దానికి నిమిషానికి గరిష్ఠంగా 19 యూరో సెంట్లు, ఆపైన పన్ను పడుతుంది. హోటళ్లకు ముందుగా ఫోను చేసే అలవాటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

సరిహద్దుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. జెనీవా పక్కన ఫ్రాన్స్ వైపు ఉన్నా ఫోను స్విస్ టవర్‌ను అందుకోవచ్చు. అక్కడ నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి తీసేసి, ఫ్రెంచ్ కంపెనీని మీరే ఎంచుకోండి. సముద్రం మీద ఓడల్లో ఉపగ్రహ నెట్‌వర్క్ తగులుతుంది, ఈ నిబంధన దానికి వర్తించదు. ఓడ ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయండి.

నా సలహా ఇది. కొద్ది రోజుల్లో చాలా దేశాలు చుట్టేవారికి, దేశాలన్నీ జాబితాలో ఉన్న ఇ-సిమ్ మేలు. కానీ చాలా ఇ-సిమ్‌లలో డేటా మాత్రమే ఉంటుంది, ఫోను నంబరు రాదు. పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఉండే తల్లిదండ్రులకు నంబరున్న స్థానిక సిమ్ తప్పనిసరి అంటాను. ఆసుపత్రి నుంచో, ఇంటి యజమాని నుంచో ఫోను వస్తే అందాలి కదా. జర్మనీలో ప్రీపెయిడ్ సిమ్‌కు 2017 జులై నుంచి గుర్తింపు తనిఖీ తప్పనిసరి, అసలు పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

మన భారతీయ సిమ్‌ను మాత్రం తీసేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయలుదేరే ముందే దానిలో అంతర్జాతీయ రోమింగ్ తెరిపించుకుని, డేటా రోమింగ్ ఆపి ఉంచండి.

అభ్యాసం: మీ కాగితంలో యూనియన్ ఏర్పాటుకు బయట ఉన్న దేశాల కింద గీత గీయండి. మూడు ప్యాక్‌ల జాబితాల్లో అవి ఉన్నాయో లేదో వెతికి రాసుకోండి. 4వ పాఠంలో ఇ-సిమ్‌ను ఇంట్లోనే ఎక్కించి, రెండు సిమ్‌ల సెట్టింగులు సరిచేసుకుందాం.