గులాబీ రంగు పోకుండా ఎండబెట్టడం: నా అనుభవం

వానాకాలంలో గులాబీలను ఎండబెడితే రేకులు గోధుమరంగుకు తిరగడం, తొడిమ దగ్గర బూజు పట్టడం మా ఇంట్లో మామూలే. ఎండలో పెట్టడం, తలకిందులుగా వేలాడదీయడం, ఫ్యాను కింద ఆరబెట్టడం, ఏదీ కలిసిరాలేదు.

చివరికి పనిచేసింది సిలికా జెల్, అంటే కొత్త బూట్ల డబ్బాల్లో చిన్న పొట్లాల్లో వచ్చే, తేమ పీల్చుకునే పదార్థం. పూసలు కాదు, పంచదారంత సన్నటి రవ్వ. పూసలైతే రేకుల మీద గుంటలు పడతాయి. మంచు ఆరాక సగం విచ్చిన పువ్వును కోసి, కాడ అంగుళం ఉంచి, తొడిమ పచ్చిగా ఉన్నప్పుడే సన్న తీగ గుచ్చాను. ఎండాక గుచ్చితే పగులుతుంది. మూత బిగుతుగా పట్టే డబ్బాలో రవ్వ పరిచి, పువ్వును పైకి చూసేలా నిలిపి, ముందు చుట్టూ, తర్వాత రేకుల మధ్య చెంచాతో కొద్దికొద్దిగా పోశాను. నేరుగా పైనుంచి పోస్తే పువ్వు అణిగిపోతుంది. పూర్తిగా మునిగాక మూత పెట్టి అంచుకు టేపు చుట్టాను. వారంలోపే రేకు కాగితంలా గలగలమంది. డబ్బా వంచి రవ్వను మెల్లగా ఒంపి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను.

పసుపు గులాబీ దాదాపు అలాగే ఉంది. ఎరుపు మాత్రం బాగా ముదిరింది. నీరెక్కువుండే పూలకు ఇంతే బాగా వస్తుందని హామీ ఇవ్వలేను. బొగడబంతికైతే ఈ హైరానా అక్కరలేదు, వేలాడదీస్తే చాలు. రవ్వను ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఆ డబ్బాలో తినేవి మాత్రం పెట్టకండి.