తుపాను బులెటిన్‌ని ఒక్క కాగితం మీద బొమ్మగా గీయడం ఎలా?

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఒకే ఇంట్లో మూడు తరాలుంటే చదువులూ మూడు రకాలు. మామ్మకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. కొడుకు తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మనవరాలికి బడిలో ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని ఫోన్లకి బులెటిన్ వస్తే, అది ఏ లిపిలో ఉన్నా ఇంట్లో ఒకరికి అందదు. అందుకే బొమ్మ గీద్దామనుకున్నాను. గీస్తే చాలు, అందరికీ అర్థమైపోతుందనుకోవడమే నా మొదటి తప్పు. తుపాను కాగితంతో నేను నేర్చుకున్నది చెబుతాను. పంట బీమా ఫారానికైనా పద్ధతి ఇదే.

ముందు ఒక్క ప్రశ్న రాసుకోండి

పెన్సిల్ పట్టుకునే ముందు కాగితం పైన ఒక ప్రశ్న రాయండి. నాది ఇది: "మా వీధి వాళ్లు ఎప్పుడు ఏం చెయ్యాలి?" దీనికి జవాబు చెప్పనిది ఎంత గొప్ప సమాచారమైనా తీసేయాలి. అక్షాంశాలు, రేఖాంశాలు, గాలి పీడనం అన్నీ పోయాయి. మనసొప్పదు, కానీ తప్పదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో మ్యాపు మీద గుర్తించినవి ముఖ్యంగా రెండే: ఏ ఇంట్లో ఎంతమంది చనిపోయారు, నీళ్ల పంపులు ఎక్కడున్నాయి. చావుకొక నల్లగీత చొప్పున వేస్తే, బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఆ గీతలు గుంపుకట్టి కనపడ్డాయి. ఆ ఇళ్ల అద్దెలు కూడా రాసుంటే ఆ గుంపు కంటికి ఆనేది కాదు.

ప్రశ్నని బట్టి ఆకారం

"ఎక్కడ" అంటే మ్యాపు. "ఎప్పుడు" అంటే ఎడమ నుంచి కుడికి ఒక గీత. "ఇలా అయితే ఏం చెయ్యాలి" అంటే కొమ్మలు చీలే చెట్టు. "ఎన్ని" అంటే ఒకే బొమ్మని అన్నిసార్లు గీయాలి, పెద్దది చెయ్యకూడదు. ఈ చివరిదాన్ని వియన్నాలో 1920లలో, లెక్కల్ని జనానికి బొమ్మలుగా చూపించిన ఒట్టో న్యూరాత్ బృందం గట్టిగా పట్టుకుంది. బొమ్మ ఎత్తూ వెడల్పూ రెట్టింపు చేస్తే అది ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది, కన్ను మోసపోతుంది. నేను ఆ మాట పట్టించుకోకుండా, మూడు రోజుల తాగునీళ్లకి ఒక పెద్ద బిందె గీశాను. "ఇంత బిందె మాకు లేదు, కొనాలేటి?" అని అడిగారు. మూడు చిన్న బిందెలు గీశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

రెండు రకాలుగా గీసి, చూపించి చూడండి

అసలు పని ఇక్కడే. మొదటిసారి నేను వాతావరణ శాఖ మ్యాపులోని గరాటా ఆకారాన్ని అలాగే దించేశాను. పక్కింటి మామ్మకి కాగితం ఇచ్చి ఊరుకున్నాను. ఆవిడ వేలు సముద్రంలో సన్నగా ఉన్న చోట మొదలై, గరాటా వెడల్పయ్యేకొద్దీ నెమ్మదించి ఆగిపోయింది. "ఏటి బాబూ, ఇది వచ్చేకొద్దీ ఉబ్బిపోతోందేటి?"

ఆవిడ తప్పేం లేదు. బొమ్మ అలాగే చెబుతోంది. నిజానికి గరాటా వెడల్పు తుపాను సైజు కాదు. తుపాను కేంద్రం ఎటు పోతుందో చెప్పే అంచనాలో ఉండే తేడా. ఎన్ని గంటలు ముందుకి చూస్తే అంత తేడా, అందుకే చివర వెడల్పు. ఇంకొకాయన తన ఊరు గరాటా గీతకి అవతల ఉందని చూసి "మాకేం లేదు" అనేశారు. ఇది మరీ ప్రమాదం, గాలీ వానా ఆ గీత దగ్గర ఆగవు.

సరే, రెండో బొమ్మలో గరాటా తీసేసి మూడు చుక్కల గీతలు పెట్టాను, "ఇటైనా రావచ్చు, అటైనా రావచ్చు" అని. దాన్ని చూసిన కుర్రాడు "మూడు తుపాన్లా!" అన్నాడు.

అప్పుడు మళ్లీ పైన రాసుకున్న ప్రశ్న చూశాను. నేనడిగింది "ఎప్పుడు" అని, గీసిందేమో "ఎక్కడ". దారి మొత్తం తీసేసి గంటల గీత గీశాను. వాతావరణ శాఖ తుపాను బులెటిన్లకి రంగులిచ్చే పద్ధతే ఇందుకు పనికొచ్చింది: తీరంలో వాతావరణం చెడే సూచన ఉంటే కనీసం 48 గంటల ముందు పసుపు, కనీసం 24 గంటల ముందు నారింజ. తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు ఎరుపు. దాటాక ఎటు పోతుంది, లోపలి జిల్లాల్లో ఏమవుతుంది అన్నది చెప్పేది ఈ ఎరుపు బులెటినే. సముద్రం కనపడని మాకు అసలైనది అదే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో మాత్రం కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అందుకే ఎరుపు గడిలో అలల బొమ్మ తీసేసి కొండా వానా గీశాను.

ఈ పరీక్షకి కొన్ని జాగ్రత్తలున్నాయి. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ ఒక్క మార్పే ఉండాలి, లేకపోతే దేనివల్ల అర్థమైందో తేలదు. ఒకే మనిషికి రెండూ చూపించొద్దు, మొదటిదాంట్లో నేర్చుకున్నది రెండోదాంట్లో కలిసిపోతుంది. ఒక్కో దానికి నలుగురైదుగురు చాలు. ముఖ్యంగా "అర్థమైందా?" అని అడగొద్దు. మన దగ్గర ఎవరూ కాదనరు, మొహమాటం. "ఇప్పుడు నారింజ వచ్చిందనుకోండి, మీరేం చేస్తారు?" అని అడిగి నోరు మూసుకోవాలి. వేలు ఆగిన చోట మీ కాగితం మీద చుక్క పెట్టుకోండి.

రంగులు, మాటలు

రంగుని మాత్రమే నమ్ముకోకండి. జిరాక్స్ తీస్తే పసుపూ నారింజా ఒకే బూడిద రంగు. ప్రతి గడిలో 48, 24, 12 పెద్దగా వేయండి. గుర్తుల వివరణ మూలన పెట్టకుండా బొమ్మ పక్కనే రాయండి. తెలుగూ ఒడియా రెండూ రాస్తే లైన్ల మధ్య చోటు వదలండి, మన ఒత్తులు కింది అక్షరాల మీద పడి కొట్టుకుంటాయి. "తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" లాంటివి వద్దు. "పడవ పైకి లాగండి", "మేకల్ని విప్పండి" అంటే చాలు. వాడుక మాటల్లో రాయమని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు, ఇక్కడ గ్రాంథికం రాస్తే మరీ సిగ్గుచేటు.

కాగితం పైన తేదీ, ఏ పూట బులెటినో తప్పక వేయండి. నిరుటి బొమ్మ వాట్సాప్‌లో తిరిగి వచ్చి జనానికి టెన్షన్ పెడుతుంది. ఇంకోటి, మనవాళ్లు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటారు. నా మొదటి కాపీల్లో మడత సరిగ్గా 24 మీద పడి రెండు రోజుల్లో అంకె చెరిగిపోయింది. మధ్యలో వేలెడు ఖాళీ వదిలి గడులు గీయండి.