మోడల్ ట్యాంకు మీద పోత ఉక్కు గరుకు ఎలా తెప్పించాలి?

ఇంట్లో పోత ఇనుము దోసె పెనం ఉంటే ఒకసారి బోర్లించి చూడండి. పైభాగం దోసెలు పోసీ పోసీ నున్నబడి ఉంటుంది. అడుగున మాత్రం సన్నటి గరుకు, అక్కడక్కడ చిన్న గుంటలు, ఒక పక్కన అరగదీసిన గీతలు కనిపిస్తాయి. ఇసుక అచ్చులో కరిగిన లోహం పోస్తే ఆ ఇసుక ముద్ర అలాగే ఉండిపోతుంది. సోవియట్ ట్యాంకు టి-55 టర్రెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) కూడా ఇలా పోతపోసిందే. ముక్కలు అతికించి చేసుకునే మోడల్ కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ టర్రెట్ మాత్రం చాలాసార్లు సబ్బుబిళ్లలా ఉంటుంది. దాని మీద ఎంత మంచి రంగు వేసినా బొమ్మలాగే కనిపిస్తుంది.

ఈ గరుకును చేత్తోనే తెప్పించవచ్చు. ఖరీదైన దిగుమతి సరుకు అక్కర్లేదు. చెన్నైలో నేను వాడేవన్నీ కార్లకు రంగులు వేసేవాళ్లు, ప్లంబర్లు కొనే సామాన్లే.

ముందు తెలుసుకోవాల్సింది: ఏది పోత, ఏది ప్లేటు?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఉత్సాహంతో ట్యాంకు మొత్తానికీ గరుకు పూస్తారు. గరుకు ఉండేది పోత భాగాలకే, రోలర్లతో చదును చేసిన ఉక్కు ప్లేట్లు నున్నగా ఉంటాయి. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం ధ్వంసం చేసి, పట్టుకున్న పాకిస్తాన్ ఎం48 ప్యాటన్‌లకు టర్రెట్టే కాదు, హల్ (ట్యాంకు కింది ఒళ్లు) కూడా పోతే. వాటి మీద ఎంత పనైనా చేసుకోవచ్చు. సోవియట్ టి-34కు ఎక్కువగా టర్రెట్ పోత, హల్ మాత్రం ప్లేట్లు అతికించింది. అమెరికన్ షెర్మన్ ట్యాంకుల రకాల్లో ఎం4ఎ1 హల్ గుండ్రటి అంచుల పోత, ఎం4ఎ3 హల్ వెల్డింగ్ చేసింది. జర్మన్ టైగర్ 1 దాదాపు అంతా రోలింగ్ చేసిన ప్లేటే, దాని టర్రెట్ పక్కలకు పోత గరుకు పూస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. చెన్నై దగ్గర మన ఆవడిలో 1965 నుంచి తయారైన విజయంత ట్యాంకు టర్రెట్ కూడా ప్లేట్లను వెల్డింగ్ చేసిందే. అదే ఆవడిలో తయారైన టి-72 అజేయ టర్రెట్ మాత్రం పోత. కాబట్టి బ్రష్ పట్టుకునే ముందు అసలు బండి ఫొటోలు నాలుగు దగ్గర పెట్టుకుని, పోత భాగాల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

సామాన్లు

ఎన్‌సీ పుట్టీ (కార్లకు రంగు వేసేముందు గుంటలు పూడ్చేది), ఎన్‌సీ థిన్నర్, ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడేది), 400, 600 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), పాత టూత్‌బ్రష్, కొత్త బ్లేడు, గాజు పలక. పుదుపేటలో పుట్టీ కొనడానికి వెళ్లినప్పుడు షాపాయన దేనికని అడిగితే ‘ట్యాంకుకి’ అన్నాను. ‘ఏ బైక్?’ అన్నాడు. వివరించే ఓపిక లేక ‘బుల్లెట్’ అని చెప్పి బయటపడ్డాను.

పుట్టీ పని

టర్రెట్‌కు హ్యాచ్‌లు (మూతలు), కొక్కేలు, పట్టుకునే కమ్మీలు అతికించక ముందే ఈ పని చేయాలి. ముందు రెండు సగాలూ అతికించి, అతుకు ఆరాక 400 కాగితంతో మొత్తం రుద్దండి. నునుపు పోతేనే పుట్టీ పట్టుకుంటుంది.

పుట్టీని గాజు సీసా మూతలోనో చిన్న స్టీలు గిన్నెలోనో తీసుకోండి. థర్మోకోల్ కప్పు వద్దు, థిన్నర్ పడగానే కరిగి కిందికి కారిపోతుంది. చుక్క చుక్కగా థిన్నర్ కలుపుతూ దోసె పిండి జారుడుకు తీసుకురండి. ఇడ్లీ పిండిలా ఉంటే ముద్దలు కడుతుంది, మజ్జిగలా ఉంటే ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఈ రెండోది నాకు అనుభవమే. మొదటి టి-55కు థిన్నర్ ధారాళంగా పోశాను. రాత్రికి బాగానే ఉంది, పొద్దున చూస్తే టర్రెట్ నుదురు చొట్టపడి, పక్కనున్న బోల్టు తలలన్నీ మాయమయ్యాయి. కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్, థిన్నర్‌కు అది వెన్నలాంటిది. అందుకే ముందు భాగాలు అంటుకుని వచ్చే చట్రం ముక్క మీద ప్రయత్నించి, మర్నాడు చూసి, తర్వాతే టర్రెట్ జోలికి వెళ్లండి.

టూత్‌బ్రష్ కుచ్చును సగానికి కత్తిరిస్తే గట్టిగా నిలబడుతుంది. అర రూపాయి బిళ్లంత చోట పుట్టీ పలుచగా పూసి, వెంటనే బ్రష్‌ను నిటారుగా పట్టుకుని టకటకా పొడవండి. గీయకూడదు, రాయకూడదు, పొడవడమే. మే నెలలో ఇక్కడ అది నిమిషంలో బిగుసుకుంటుంది, అందుకే ఒక్కసారిగా ఎక్కువ చోట పూయొద్దు. పొడిచే దిక్కు మారుస్తూ ఉండండి, లేకపోతే ఒకే నమూనా వరుసగా పడి దువ్వెన గీతల్లా కనిపిస్తుంది.

రాత్రంతా ఆరనిచ్చి, 600 కాగితంతో మొనలు మాత్రం తేలిగ్గా తీసేయండి. ఎంత తీయాలన్నదే అసలు ప్రశ్న. 1/35 స్కేలులో, అంటే అసలులో 35వ వంతు మోడల్‌లో, అసలు ట్యాంకు మీది 3 మిల్లీమీటర్ల గుంట 0.1 మిల్లీమీటరు కూడా ఉండదు. బల్ల మీద పెట్టి చూసినప్పుడు ‘అబ్బ, భలే ఉంది’ అనిపిస్తే ఇంకా రుద్దాలన్నమాట. టార్చి లైటును పక్క నుంచి వేసినప్పుడే కనిపించాలి, లైటు తీసేస్తే దాదాపు కనబడకూడదు. టి-34కు మాత్రం కొంచెం ఉదారంగా వదిలేయవచ్చు. యుద్ధకాలంలో హడావిడిగా పోసిన ఆ టర్రెట్‌లు నిజంగానే మొరటుగా ఉండేవి, అచ్చు రెండు భాగాలు కలిసిన చోట గట్టులాంటి గీత కూడా మిగిలిపోయేది. సన్నగా సాగదీసిన ప్లాస్టిక్ తీగను అతికించి, సగం అరగదీస్తే ఆ గట్టు వస్తుంది.

పోత మీద ఉబ్బెత్తు అంకెలు కూడా ఉంటాయి. కిట్ చట్రం మీద భాగాల నంబర్లు ఉబ్బెత్తుగా వస్తాయి కదా, వాటినే కొత్త బ్లేడుతో కాగితమంత పలుచగా కోసి అతికించండి. దొర్లి పోకుండా తడి వేలితో ఎత్తండి. నేను నేల మీద పారేసుకున్న ‘7’లు ఎన్నో.

వెల్డింగ్ అతుకులు

అసలు బండి మీద 2 సెంటీమీటర్ల వెల్డింగ్ అతుకు ఈ స్కేలులో అర మిల్లీమీటరు దాటి కాస్త. ఎం-సీల్‌లోని రెండు రకాలనూ సమంగా తీసుకుని రంగు ఒక్కటయ్యేదాకా పిసకండి. గాజు పలక మీద కాస్త టాల్కం పౌడర్ చల్లి, చేగోడీలకు పిండిని తాడులా చేసినట్టు అరచేత్తో దొర్లించండి. కుట్టు దారం మందానికి రావాలి. రెండు ప్లేట్లు కలిసే చోట ముందే బ్లేడుతో సన్నటి గాడి గీసి, దారాన్ని అందులో కూర్చోబెట్టి, తడిపిన సూదితో అర మిల్లీమీటరుకు ఒకటి చొప్పున ఒంపుగా నొక్కుతూ పోండి. ఎండాకాలంలో చాలా త్వరగా గట్టిపడుతుంది, ఒక్కసారి శనగగింజంత కలిపితే చాలు. చేతులకు అంటితే మంట పెట్టవచ్చు, తొడుగులు వేసుకోండి.

ప్లేట్ల మీద పెద్దగా ఏమీ చేయొద్దు. గ్యాస్‌తో కోసిన అంచుల మీద మాత్రం ఎక్సాక్టో కత్తి (సన్నటి మొన ఉన్న చేతి కత్తి) మొనతో సన్నటి అడ్డగీతలు గీయండి.

జర్మన్ ట్యాంకుల పూత

1943 రెండో సగం నుంచి 1944 సెప్టెంబరు దాకా జర్మన్లు ఫ్యాక్టరీల్లో జిమ్మెరిట్ అనే గరుకు పూత పూసేవారు. అయస్కాంతపు మందుపాతరలు అంటుకోకూడదని వాళ్ల ఆలోచన. ఎం-సీల్‌ను పలుచగా పరిచి, రంపం బ్లేడు పళ్లతో అడ్డంగా నొక్కితే టైగర్ మీద ఉండే గట్లు వస్తాయి. అంచుల దగ్గర అక్కడక్కడ పెచ్చులూడినట్టు తీసేస్తేనే నమ్మబుద్ధవుతుంది.

థిన్నర్ పని అంతా కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా చేసుకోండి. వంటింట్లో వద్దు, దీపం వెలుగుతున్న పూజ గదికి దూరంగా ఉండండి. చివర బూడిద రంగు ప్రైమర్ ఒక పలుచటి పొర కొట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇక్కడి వానల రోజుల్లో ప్రైమర్ తెల్లబారి పొడిపొడిగా ఆరుతుంది, కాస్త ఎండ వచ్చిన మధ్యాహ్నమే చూసుకోవాలి. ప్రైమర్ పడ్డాక దాగిన తప్పులు బయటపడతాయి. పుట్టీ దళసరిగా ఉన్నచోట మళ్లీ 600 వాడండి, బోడిగా మిగిలినచోట ఇంకో చుక్క పెట్టి పొడవండి. నాకు ప్రతి టర్రెట్‌కూ కనీసం రెండుసార్లు ఇలా వెనక్కి వెళ్లక తప్పదు.