సొంత ముచ్చట రాశారు, ఎవరూ చివరిదాకా చదవడం లేదు: ఎక్కడ తేడా కొట్టింది?

సొంత అనుభవాలు రాసేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. రిటైరైన సార్లు, హైదరాబాద్‌లో కొలువు చేస్తూ హన్మకొండ మీద బెంగ పెట్టుకున్న పిల్లలు, పిల్లలు పెద్దయ్యాక పెన్ను పట్టిన అక్కలు... రాసి దోస్తులకు పంపుతారు. దోస్తులు దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఆ దండం చదివి పెట్టింది కాదని రాసినవాళ్లకూ తెలుసు. నా దగ్గరికి వచ్చిన రాతల్లో మళ్లీ మళ్లీ కనిపించే చిక్కులు ఇవి. మీ రాతకు ఏది వర్తిస్తే అదొక్కటే చదివి వెళ్లిపోయినా ఏం కాదు.

సమస్య: రెండో పేరా దగ్గరే వదిలేస్తున్నారు

మీ మొదటి వాక్యం చూడండి. "కాకతీయుల రాజధానిగా విలసిల్లిన చారిత్రక ఓరుగల్లు నగరంలో..." అని ఉందా? చిక్కు అక్కడే ఉంది. వేయి స్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడని, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ గర్భగుళ్లున్న త్రికూటాలయమని ఇక్కడి బడి పిల్లలు కూడా చెప్తారు. మీ రాత తెరిచినవాళ్లు దానికోసం రాలేదు.

ఇట్లా ఎందుకు రాస్తామంటే, జంకుతో. నా సంగతి ఎవరికి కావాలి అనిపించి, ముందు చరిత్రను నిలబెట్టి దాని వెనక దాక్కుంటాం.

చరిత్రను తీసేయనక్కర్లేదు. అది మీకు తగిలిన చోట పెట్టండి. ఆ గుడి కల్యాణ మండపాన్ని బాగు చేయడానికని 2006లో విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. ఆ నడిమి కాలంలో హన్మకొండలో పెరిగిన పిల్లకు గుడి అంటే నంది దాకానే. అవతల ఉన్నది పని సగంలో ఆగిన జాగా. అమ్మమ్మ "మేం మండపంల కూసునేటోళ్లం" అంటే, "ఏ మండపం?" అని అడిగి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి. 1163 దానంతట అదే నాలుగో పేరాలో వచ్చి కూర్చుంటుంది. ఎనిమిది వందల ఏళ్లు దాటిన గుడిలో ఒక భాగం ఒక తరం చిన్నతనమంతా కనపడకుండా పోయింది అన్నప్పుడు ఆ అంకెకు పని దొరుకుతుంది.

రాయడం అయిపోయాక మొదటి రెండు పేరాలు చేత్తో మూసి, మూడోది నుంచి ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. వాళ్లకు ఏమీ తక్కువ అనిపించకపోతే, మూసినవి కొట్టేయండి.

సమస్య: "బాగుందన్నా" అంటారు, ఏం బాగుందో చెప్పలేరు

ఇది మొదటిదానికంటే మొండిది. రాసినాయనకు తప్పేం కనిపించదు, ఎందుకంటే వాక్యాలన్నీ నున్నగా ఉంటాయి. ఆ నున్నదనమే చిక్కు. మేడారం గురించి రాయమంటే "జనసంద్రం", "ఇసుకేస్తే రాలనంత జనం", "భక్తి పారవశ్యం" వచ్చేస్తాయి. పత్రికలవాళ్లు రెండేళ్లకోసారి జాతర రాగానే అవే మాటలు దించుతారు, మనం అవే తిరిగి దించుతాం. మీరు వెళ్లకపోయినా రాయగలిగిన వాక్యం అది.

బెల్లాన్ని బంగారం అంటారని చెప్పడం కూడా ఇప్పుడు సరిపోదు, అది అందరికీ తెలిసిపోయింది. కానీ మీ బాబాయి నిలువెత్తు బంగారం మొక్కుకుని, తక్కెడలో కూర్చున్నాక తన బరువెంతో చుట్టాలందరికీ తెలిసిపోయిందని ఎట్లా ముడుచుకుపోయాడో, దారిపొడవునా పిన్ని ఆయన్ని ఎట్లా ఆటపట్టించిందో ఏ పత్రికలోనూ రాదు. అది మీ ఒక్కరి దగ్గరే ఉంది.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ సంగతీ అంతే. మిర్చి సీజన్‌లో ఎవరు రాసినా "ఎర్ర తివాచీ పరిచినట్టు" అంటారు. దూరం నుంచి ఫోటో తీసేవాడికి కనిపించేది ఆ తివాచీ. బస్తాలతో వచ్చిన ఇంటివాళ్లకు వేరేవి కనిపిస్తాయి: పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం ధర, ఎంత పోయిందో అని చెవులు రిక్కించడం, రంగు పోయిన తాలుకాయ వేరుగా ఏరిన బస్తా మీద కన్ను, గేటు దాటకముందే మొదలయ్యే తుమ్ములు, "ఎంత పలికిందిరా" అని నాయన ఊళ్లోంచి చేసే ఫోన్. చపాటా రకం మిర్చి పండించే ఇల్లయితే ఇంకో ముచ్చట ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చళ్లకు పేరున్న కాయ. ఆ కాయ పండిస్తూ ఇంట్లో కూరకు మాత్రం వేరే కారం వాడతారా, లేదా? నాకైతే ఆ ఒక్క సంగతి చదవాలని ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఇది విని కొందరు చౌరస్తా నుంచి పోచమ్మ మైదాన్ దాకా ప్రతి దుకాణం పేరూ రాసి పంపుతారు. అంత అక్కర్లేదు. మీకు కోపమో నవ్వో సిగ్గో తెప్పించిన వివరం ఒకటి ఉంచండి, మిగతావి వదిలేయండి.

సమస్య: రాత నిండా మీరే ఉన్నారు, ఇంకొకరు లేరు

గొప్పలు చెప్పుకుంటేనే ఈ చిక్కు వస్తుందనుకోకండి. కష్టాలు చెప్పుకునేవాళ్లలో ఇంకా ఎక్కువ. కారణం ఒక్కటే: ఆ రాతలో మీ మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. మీరు అన్నదే నిజం, మీరు పడ్డదే బాధ.

ఒగ్గుకథ విన్నవాళ్లకు దీని విరుగుడు తెలిసే ఉంటుంది. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో మల్లన్న కథ నడుస్తుంటే, ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు. పక్కనున్నవాడు అందుకుంటాడు, అడ్డు తగులుతాడు, వేళాకోళం చేస్తాడు, వినేవాళ్ల మనసులో ఉన్న ప్రశ్న తానే అడిగేస్తాడు. జనగామ వైపు నుంచి వచ్చిన చుక్క సత్తయ్య లాంటి పెద్ద కళాకారుడి వెనక కూడా బృందం ఉండేది. తెల్లార్లూ జనం కూర్చోవడానికి డోలు చప్పుడు ఒక్కటే కారణం కాదు.

మీ రాతలో ఆ పక్కవాడిని తెచ్చుకోండి. భార్యో, అన్నో, ఆటో డ్రైవరో, మీరు చెప్పింది ఒప్పుకోని మనిషి ఒకరు ఉండాలి. "నాయన నన్ను సైన్స్ చదవమని బలవంతం చేసిండు" అని మీరు రాస్తే, "బలవంతం ఎవలు జేసిండ్రు, నువ్వే పోత అని ఏడ్చినవ్" అన్న అక్క మాట కూడా పక్కనే ఉంచండి. ఎవరిది నిజమో తేల్చకండి. చదివేవాళ్లు అక్కడ ఆగి, తమ ఇంట్లో తేలని తగాదాలు యాది చేసుకుంటారు. నా మట్టుకు నాకు ఒక రాత నచ్చిందంటే, పది సార్లలో తొమ్మిది సార్లు అందులో అట్లాంటి అక్క ఒకామె ఉంటుంది.

సమస్య: మాట్లాడితే ముచ్చట రక్తి కడుతుంది, రాస్తే ఎండిపోతుంది

నోటి భాష ఒకటి, రాత భాష ఒకటి అయితే ఇట్లా ఉంటుంది. జాను తెనుగులో, అంటే జనం మాట్లాడే తేట తెలుగులో, ద్విపదలో రాస్తే అందరికీ అందుతుందని పాల్కురికి సోమన కాకతీయుల కాలంలోనే తేల్చాడు. హన్మకొండలో బతికిన కాళోజీ మాట్లాడినట్టే రాశాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయినా పెన్ను పట్టగానే అమ్మ అడిగిన "తిన్నవా బిడ్డా" కాస్తా "భోజనం చేశావా అమ్మా" అయిపోతుంది. అమ్మ అట్లా ఎప్పుడూ అనలేదు కదా.

దీనికి పూర్తిగా తలకిందుల చిక్కు ఇంకోటి ఇప్పుడు బాగా పెరిగింది. వాక్యమంతా పత్రిక భాష, మీద మాత్రం రెండు యాస ముక్కలు చల్లడం: "గా సమయంల మా నాయన తీవ్ర మనోవేదనకు గురైండు." ఇది ఏ ఊళ్లో మాట్లాడతారు? పరిష్కారం తేలిక. ఆ ముచ్చటను కరీంనగర్‌లో ఉన్న దోస్తుకు ఫోన్‌లో చెప్తున్నట్టు చెప్పి, రికార్డు చేసుకుని, విని రాయండి. మీ కథనం మామూలు తెలుగులో ఉన్నా పర్లేదు, మనుషుల మాటలు మాత్రం వాళ్లు అన్నట్టే ఉండాలి. గుంటూరు నుంచి వచ్చి కాజీపేటలో స్థిరపడ్డ లెక్చరర్ గారు మన యాస తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. ఆయన తన మాటలో ఆయన రాస్తే, మనల్ని మనం బయటి నుంచి చూసుకునే వీలు దొరుకుతుంది.

సమస్య: "పెద్దగా ఉంది, తగ్గించు" అంటున్నారు

ఈ ఫిర్యాదును వెంటనే నమ్మకండి. నిడివి మీద నింద వేయడం చదివేవాళ్లకు సులువు, అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది. ఆదిలాబాద్ వైపు సామల సదాశివ గారి రాతలు చూడండి. ఉర్దూ కవి దగ్గర మొదలైన ముచ్చట హిందుస్తానీ గాయకుడి మీదికి పోతుంది, అక్కణ్నుంచి తన బడి రోజులకు, అక్కణ్నుంచి ఒక దోస్తు దగ్గరికి. ఎవరికీ విసుగు రాదు. సంగీతం మీద అట్లాంటి వ్యాసాలకే ఆయనకు 2011లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పక్కదారి పట్టడాన్ని తప్పనుకుంటే ఆయన్ని సగం కొట్టేయాలి.

తేడా ఎక్కడుందంటే, ఆయన పక్కదారిలో ఎప్పుడూ ఒక మనిషి ఎదురవుతాడు. మనం పక్కదారి పడితే ఎదురయ్యేది మన అభిప్రాయం. విద్యావ్యవస్థ ఎట్లా పాడైంది, ఈ కాలం పిల్లలు ఎట్లా ఉన్నారు... అక్కడ కత్తెర పెట్టండి. మనిషి ఉన్న పక్కదారిని, ఎంత పొడుగైనా, వదిలేయండి.

చిన్న చిక్కులు, త్వరగా

చివర్లో నీతి: చివరి పేరా "కావున మనమందరం" అని మొదలైతే దాన్ని తీసేయండి. మరో ఆలోచన అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు, వాడకట్టువాళ్లు అలిగారు: వరంగల్ ఎంత పెరిగినా, "సుబేదారిలో ఉండే మా మేనత్త" అంటే ఎవరో పోల్చుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల రోగాలు, అప్పులు, పెళ్లిళ్ల గొడవలు అడగకుండా రాయకండి. పేరు మార్చినంత మాత్రాన చాలదు, ఆ మనిషికి ముందు చదివి వినిపించండి. వద్దంటే మానేయండి. ఆ తర్వాత ఆమే ఇంకో మంచి ముచ్చట చెప్తుంది, తరచుగా జరిగేదే.

పండక్కి తప్ప రాయడం లేదు: బతుకమ్మకొకటి, సంక్రాంతి సకినాలకొకటి, మళ్లీ ఏడాది దాకా లేదు. తంగేడు, గునుగు మీద అందరూ ఆ వారమే రాస్తారు కాబట్టి మీది అందులో కలిసిపోతుంది. ఎండాకాలంలో, ఏ పండుగా లేని మంగళవారం రోజు ఏమైందో రాసి చూడండి.

సమస్య: పైవన్నీ సరిచేశారు, అయినా చప్పగానే ఉంది

అప్పుడు అనుమానించాల్సింది విషయాన్ని. అది మీకే పట్టని విషయం అయి ఉంటుంది. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది కాబట్టి రామప్ప మీద రాయాలి అనుకుని కూర్చున్నారు. నిజానికి ఆరోజు పాలంపేట నుంచి వస్తూ బస్సులో సీటు కోసం ఒకామెతో మీకు జరిగిన లొల్లి, ములుగు వచ్చేసరికి ఆమె మీ చేతిలో పెట్టిన జామకాయ గురించి ఇంటికొచ్చి నలుగురికి చెప్పారు. ఎవరూ అడగకుండానే చెప్పారు. రామప్ప కాగితం పక్కన పెట్టి, ఆ లొల్లి రాయండి. ఆమె ఏమని మొదలుపెట్టిందో, ఆ మొదటి మాట నుంచే.