హనుమకొండలో స్కిన్ థెరపిస్ట్‌గా నిలదొక్కుకోవాలంటే

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న అమ్మాయిలు, పిల్లలు బడికి పోవడం మొదలై కాస్త తీరిక దొరికిన ఆడవాళ్లు నెలకు నలుగురైనా నా దగ్గరికి వచ్చి అడుగుతారు, "అక్కా, బ్యూటీషియన్ కోర్సు చేద్దామనుకుంటున్న, ఎక్కడ చేరాలె, ఎంత వస్తది?" అని. ఒక్కొక్కరికీ అరగంట చెప్తూనే ఉంటాను, అయినా సగం మిగిలిపోతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. హనుమకొండలో ఈ పని మొదలుపెట్టి నాకు పదమూడేళ్లు. మొదటి నాలుగేళ్లు ఇంటి ముందుగదిలో, ఆ తర్వాత అద్దె షాపులో.

ముందు ఒక తేడా తెలుసుకోండి. పార్లర్ పని వేరు, చర్మం పని వేరు. థ్రెడింగ్, వ్యాక్సింగ్, పెడిక్యూర్ చెయ్యి తిరిగితే వచ్చేస్తాయి, మొదట్లో షాపు అద్దె కట్టేది కూడా అవే, వాటిని చిన్నచూపు చూడకండి. కానీ ఎస్తటీషియన్ అనో స్కిన్ థెరపిస్ట్ అనో అనిపించుకోవాలంటే ఎదుటి మనిషి ముఖం చూసి ఈ చర్మానికి ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు, అసలు మనం ముట్టుకోవాలా వద్దా అన్నది చెప్పగలగాలి. "ఇది చెయ్యను" అని చెప్పడం వచ్చినవాళ్లే ఈ పనిలో మిగిలారు. నేను చూసిందయితే అదే.

ఎక్కడ నేర్చుకోవాలి

డబ్బు లేనివాళ్లు ముందు హసన్‌పర్తిలో ఎస్‌బీఐ వాళ్ల ఆర్‌సెటీకి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) వెళ్లి బ్యూటీపార్లర్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో అడగండి. శిక్షణ ఉచితం, నెల రోజులకు కాస్త అటూఇటూ ఉంటుంది. దాంతోనే అంతా వచ్చేయదు కానీ ఈ పని మీకు పడుతుందో లేదో పైసా పోకుండా తేలిపోతుంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో కాస్మటాలజీ ట్రేడ్ ఉంది, ఏడాది కోర్సు, చివర్లో వచ్చేది కేంద్ర ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్. ఇంకా పైకి పోవాలనుకుంటే సిడెస్కో అని 1946 నుంచి ఉన్న అంతర్జాతీయ సంస్థ డిప్లొమా ఉంది, దానికి 1,200 గంటల శిక్షణ కావాలి, ఖర్చు లక్షల్లో ఉంటుంది. అది మొదటి రోజే అక్కర్లేదు, నాలుగేళ్లు పనిచేసి సొంత డబ్బుతో చేసుకోవచ్చు.

ప్రైవేటు అకాడమీల దగ్గర మాత్రం జాగ్రత్త. నేను మొదట చేరినచోట ఫీజు మొత్తం ముందే కట్టించుకున్నారు, మూడు నెలల్లో నా చేతులతో నేను చేసిన ఫేషియల్స్ ఆరే ఆరు, మిగతా రోజులన్నీ మేడమ్ చేస్తుంటే చుట్టూ నిలబడి చూడడమే. చేతికి సర్టిఫికెట్ వచ్చింది, పని రాలేదు. కాబట్టి ఫీజు గురించి మాట్లాడేముందే అడగండి: నా చేతులతో ఎన్ని ముఖాలు చేయిస్తారు, చర్మం గురించి పాఠం ఎన్ని రోజులు, ఒక బ్యాచ్‌లో ఎంతమంది. అక్కడ చదువుతున్న పిల్లలను బయట కలిసి కూడా అడగండి. కోర్సు అయ్యాక వెంటనే షాపు పెట్టకండి. కనీసం ఏడాది ఎవరి దగ్గరైనా చేయండి, జీతం తక్కువైనా సరే. చర్మ డాక్టర్ల క్లినిక్‌లో అసిస్టెంట్‌గా దొరికితే ఇంకా మంచిది. నేను ఒక క్లినిక్‌లో పద్నాలుగు నెలలు చేశాను, ఇవాళ నాకు వచ్చిందాంట్లో సగం అక్కడ నేర్చుకున్నదే.

చర్మం చదవడం

చర్మం పై పొరలో కొత్త కణం కింద పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఈ ఒక్క లెక్క మనసులో ఉంటే వారంలో మచ్చలు పోతాయని ఎవరికీ మాట ఇవ్వరు. ఇంకొకటి, ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా చర్మ డాక్టర్ 1975లో ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి రకాలు చేశాడు, ఇప్పుడు వాడేది ఆరు రకాల పట్టిక. మన దగ్గర ఎక్కువమందిది నాలుగు, ఐదు రకాలు. అంటే మన చర్మం కాలినా, గీరుకున్నా, మొటిమ గిల్లినా, గాయం మానిపోయాక అక్కడ నల్లమచ్చ నిలిచిపోతుంది, కొన్నిసార్లు నెలల తరబడి. తెల్లవాళ్ల చర్మం మీద చేసిన పీల్, అంటే యాసిడ్ రాసి పై పొర ఊడదీసే పని, వీడియో చూసి అదే ఘాటు ఇక్కడ వాడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంట్లో ముఖానికి రాసుకునే నిమ్మకాయ, వంటసోడా కూడా ఇంతే. మన చర్మం సహజంగానే కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5కు అటూఇటూ. నిమ్మరసం 2 దగ్గర, అంటే ఘాటు ఆమ్లం; వంటసోడా 8 పైన, అంటే క్షారం. రెండూ దెబ్బతీసేవే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే బొబ్బలు కూడా వస్తాయి. వరంగల్ మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా! ఎండాకాలంలో వచ్చే ప్రతి కస్టమర్‌కూ నేను ఫేషియల్ కంటే ముందు సన్‌స్క్రీన్ గురించి చెప్తాను: ఎస్‌పీఎఫ్ 30 చాలు, కానీ చూపుడు వేలు, మధ్య వేలు రెండింటి పొడవునా గీసినంత క్రీమ్ ముఖానికీ మెడకూ పట్టాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. చాలామంది బఠాణీ గింజంత రాసుకుని పనిచేయట్లేదంటారు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. షాపు పెట్టిన మొదటి ఏడాది, ఒకమ్మాయి పై పెదవికి వ్యాక్స్ చేయమంది. చేశాను. స్ట్రిప్‌తో పాటు చర్మం కూడా ఊడి వచ్చింది. తర్వాత తెలిసింది, పక్కింటావిడ చెప్పిందని మెడికల్ షాపులో కొన్న తెల్లబడే క్రీమ్ ఎనిమిది నెలలుగా రాసుకుంటోందట, అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ రాసినకొద్దీ చర్మం ఉల్లిపొరలా పలచబడిపోతుంది. ఆ అమ్మాయి ఏడుస్తుంటే నా చేతులు వణికాయి. నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అది జరిగేది కాదు.

అప్పటి నుంచి నా దగ్గర ప్రతి మనిషికీ ఒక కార్డు ఉంటుంది. ముఖానికి ఏం రాస్తున్నారు, ఎవరు చెప్పారు, మొటిమలకు మాత్రలు వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా, షుగర్ ఉందా, ఇంతకుముందు దేనికైనా దద్దురు వచ్చిందా. మొటిమలకు డాక్టర్లు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లకు, మానేసి ఆరు నెలలు కానివాళ్లకు వ్యాక్స్ చేయను. రెటినాల్ రకం క్రీములు రాసేవాళ్లను వారం ముందే ఆపి రమ్మంటాను, డాక్టర్ రాసిచ్చినదైతే ఆ డాక్టర్‌ను అడిగే ఆపమంటాను. షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకు పెడిక్యూర్ చేసేటప్పుడు బ్లేడు అసలు పట్టను, వాళ్లకు చిన్న గీత పడినా పుండు కావచ్చు. కొత్త ప్రాడక్ట్ ఏదైనా ముందు చెవి వెనకాల రాసి పంపిస్తాను, హెయిర్ డైకి అయితే 48 గంటలు ఆగాలి. కస్టమర్లు విసుక్కుంటారు, ఇన్ని ప్రశ్నలా అని. అడగండి.

డాక్టర్ దగ్గరికి పంపడం

మెడ వెనక నల్లగా మందంగా అయి, ఎంత రుద్దినా పోవట్లేదని వస్తారు. అది మురికి కాదు, చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి గుర్తు. గదవ కింద వెంట్రుకలు గట్టిగా వస్తూ నెలసరి తప్పుతున్న అమ్మాయి ఉంటుంది, ఆమెకు థ్రెడింగ్ చేసి పంపేస్తే సరిపోదు, పీసీఓడీ ఉందేమో చూపించుకోమనాలి. పుట్టుమచ్చ ఆకారం మారుతోందంటే ఆ రోజే పంపాలి. ప్రైవేటుకు పోలేనివాళ్లకు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. ఇలా పంపిస్తే కస్టమర్ పోతుందని భయపడకండి. వాళ్లు చెల్లెల్ని, వదినను వెంటబెట్టుకుని తిరిగి వస్తారు.

లేజర్లు, ఇంజెక్షన్లు, తెల్లబడే డ్రిప్పులు, ఘాటు పీల్స్ డాక్టర్ల పని. ఎవరో రెండు రోజుల కోర్సు పెట్టి సూది చేతికిస్తామంటే ఆ వైపు పోకండి.

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చేది, పత్తి చేలో పనిచేసే మనిషి, రెండు చెంపలకూ మంగు. బిడ్డ పెళ్లి ఫొటోల్లో ముఖం దాచుకోకుండా నిలబడాలని ఆమె కోరిక. నేను చేసింది పెద్దగా ఏం లేదు. డాక్టర్ దగ్గరికి పంపాను, ఆయన రాసిన క్రీములు ఎలా వాడాలో కూర్చోబెట్టి చూపించాను, సన్‌స్క్రీన్ అలవాటు చేయించాను, చేనుకు పోయేటప్పుడు టవల్ తలకే కాకుండా చెంపల మీదికి వచ్చేలా కట్టుకోమన్నాను. మంగు పూర్తిగా పోలేదు, అది అంత తేలిగ్గా పోయేది కాదు. కానీ ఎనిమిది నెలలకు సగానికి పైగా తగ్గింది. పెళ్లి ఫొటో తెచ్చి చూపించి, సద్దుల బతుకమ్మ నాడు నాకు మలీద ముద్దలు పంపింది. ఈ పనిలో నాకు కడుపు నిండేది ఇలాంటప్పుడే.

షాపు, డబ్బు

మెషీన్లు ఇప్పుడే కొనకండి. మంచి బెడ్డు, వెలుతురున్న భూతద్దం దీపం, స్టీమర్, వ్యాక్స్ హీటర్, కడిగి ఆరేసుకోవడానికి సరిపడా టవళ్లు, వీటితో రెండేళ్లు నడుస్తుంది. బ్లాక్‌హెడ్స్ తీసే ఇనుప పనిముట్లకు ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరి పట్టి క్రిములు చంపే పెట్టె) మాత్రం కొనండి, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచితే క్రిములు చస్తాయి, వేడినీళ్లలో ముంచితే చావవు. వ్యాక్స్‌లో వాడిన పుల్ల మళ్లీ ముంచకూడదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు మీరు ముందే వేయించుకోండి.

ముద్ర లోన్‌లో శిశు కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, మహిళా సంఘంలో ఉన్నవాళ్లకు సంఘం ద్వారా అప్పు తీసుకునే దారి కూడా ఉంది. చిన్న వ్యాపారాలను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, చేసిపెడతామని డబ్బులు అడిగేవాళ్లకు ఇవ్వకండి. షాపుకైతే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి.

మన పని పంచాంగం మీద నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో ఊపిరి ఆడదు, ఆషాఢంలో, పుష్యంలో, మూఢం వచ్చినప్పుడు రోజంతా కూర్చున్నా ముగ్గురు రారు. మంచి నెలల్లో వచ్చింది మొత్తం ఖర్చుపెట్టేస్తే ఆషాఢం అద్దెకు అప్పు చేయాల్సిందే. నేను ప్రతి పెళ్లి ఆర్డర్ నుంచి ఐదో వంతు పక్కన పెడతాను. ఖాళీ నెలల్లోనే కొత్తవి నేర్చుకోవడం, కార్డులు తిరగేసి పాత కస్టమర్లకు ఫోన్ చేసి చర్మం ఎలా ఉందో కనుక్కోవడం. పక్క వీధిలో థ్రెడింగ్‌కు పది రూపాయలు తగ్గించారని మీరూ తగ్గించకండి, ఆ పోటీకి అడుగు ఉండదు.

పేరు, బ్యాచ్ నంబర్, తయారీ లైసెన్స్ నంబర్ లేని డబ్బా క్రీములు హోల్‌సేల్‌లో చవకగా దొరుకుతాయి, వాటిని రాస్తే వారంలో ముఖం వెలిగిపోతుంది. అంత తొందరగా తెల్లబడుతోందంటే అందులో స్టెరాయిడ్ గానీ పాదరసం గానీ ఉందేమోనని అనుమానించాల్సిందే. పాదరసం కిడ్నీలను దెబ్బతీస్తుంది. మీ షాపులోకి రానివ్వకండి.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు అమ్మాయిలు గల్ఫ్ సెలూన్ల గురించి అడుగుతుంటారు. వెళ్లొచ్చు, కానీ విజిట్ వీసా మీద "పోయినంక మారుస్తం" అనే ఏజెంట్‌ను నమ్మొద్దు. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంటా కాదా చూసుకోండి, విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ అడగండి.

ఒంటి సంగతి కూడా. థ్రెడింగ్ దారం పంటితో పట్టుకునే అలవాటు మానేసి మెడకు తగిలించుకోవడం నేర్చుకోండి, శుభ్రతకూ మంచిది, పళ్లకూ మంచిది. బెడ్డు ఎత్తు మీ నడుముకు సరిపోయేలా చేయించుకోండి. నేను చేయించుకోలేదు, నడుంనొప్పి ఇప్పటికీ ఉంది.

చివరగా పెళ్లికూతుళ్లు. మూడు నెలల ముందు రమ్మనండి, నెలకోసారి పని, ఇంట్లో రోజూ సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్. మైలపోలుకు కనీసం రెండు రోజుల ముందే వ్యాక్సింగ్ అయిపోవాలి, లేకపోతే ఆ పచ్చి చర్మం మీద పసుపు, నలుగుపిండి పెట్టి రుద్దితే మంట పుడుతుంది, దద్దుర్లు లేస్తాయి. అయినా "అక్కా, ఎల్లుండే పెండ్లి, జర తెల్లగ చెయ్యి" అని వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. అలాంటి అమ్మాయికి నేను బ్లీచ్ చేయను, పీల్ చేయను, ఆమె ముఖం ఎప్పుడూ చూడని క్రీమ్ ఏదీ ముట్టించను. మెత్తగా శుభ్రం చేసి, తేమ పట్టే మాస్క్ వేసి, కనుబొమ్మలు సరిచేసి, రాత్రి తొందరగా పడుకోమని చెప్పి పంపిస్తాను, వాళ్లమ్మ "గింతేనా" అని అడిగితే గింతేనమ్మా అంటాను.